ఏడు భాషల దుబాసీ

రాయ్‌పూర్, డబ్ల్యు.ఆర్.ఎస్. కాలనీ
మార్చి 8, 2004

వీణా,

నీ ఉత్తరం అందింది. నువ్వు తర్జుమా చేసిన హిందీ నవల అచ్చుకి వెళ్ళిందని అమ్మకి చదివి వినిపించాను. "మన వీణేనా? స్కూల్లో పక్కదాని నోటుబుక్కులో చూసి హిందీ రాసుకునేది?" అంది. ఆ పక్కది నేనే అని గుర్తు చేశాను. రైల్వే ఆసుపత్రిలో అంతకాలం నర్సుగా చేసి రిటైరైన మనిషి, రోగుల పేర్లన్నీ గుర్తుంటాయి గానీ మన సంగతులు మాత్రం కలగాపులగమే.

కొత్త రాష్ట్రం వచ్చాక ఇక్కడ నాలాంటి వాళ్ళకి చేతినిండా పని. కోర్టులో ఒడియా సాక్షి వస్తే నన్ను పిలుస్తారు. ఆసుపత్రికి బెంగాలీ రోగి వస్తే నన్ను పిలుస్తారు. కార్మిక శాఖ వాళ్ళయితే వారానికోసారైనా. ఇప్పుడు ఢిల్లీలో ఒక అనువాద సంస్థ నన్ను తమ జాబితాలో చేర్చుకుంటామంటోంది. అక్కడి మేనేజరు ఫోన్ చేసి, "ట్రాన్స్‌లేటర్ అని రాస్తే ఎవరూ తల తిప్పి చూడరు మేడమ్, పాలీగ్లాట్ అని రాయండి" అన్నాడు. రాశాను. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, ఛత్తీస్‌గఢీ, ఒడియా, బెంగాలీ, హల్బీ. ఏడూ వరసగా రాసి చూసుకుంటే, నిజం చెప్పనా, ఎంత బాగుందో. పెళ్ళి కాలేదు, ఇల్లు కట్టలేదు అని మన చర్చిలో అందరూ నాకు లేనివే లెక్కపెడతారు కదా. ఉన్నవి ఇవిగో అని చూపించాలనిపించింది.

ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళు ఉగాదికి నాకు సన్మానం చేస్తారట. కార్డు మీద పాలీగ్లాట్‌కి తెలుగు మాట కావాలన్నారు. బహుభాషా కోవిదురాలు అని వేయమననా? పుస్తకాలు రాసేదానివి, నువ్వు చెప్పు.

నీ
లిడియా


విజయనగరం, కంటోన్మెంట్
మార్చి 17, 2004

లిడియాకి,

ముందుగా శుభాకాంక్షలు. కోవిదురాలు మాత్రం వద్దే. ఆ మాట వింటేనే మెడ చుట్టూ శాలువా బిగుసుకున్నట్టుంటుంది. బహుభాషావేత్త అంటే సరిపోతుంది.

ఇప్పుడు నన్ను తిట్టకుండా చదువు. మనవాళ్ళు నీ వృత్తికి ఎప్పుడో ఒక పేరు పెట్టారు, దుబాసీ అని. అంటే రెండు భాషలవాడు. రెండొస్తే చాలు, దొరకీ రైతుకీ మధ్య నిలబడి మాట్లాడించగలడని నమ్మారు. ఏడు అనగానే నాకెందుకో భయం వేసింది. ఒక భాష వచ్చు అంటే ఏం వచ్చినట్టు? కూరగాయలు కొనడమా, జోకుకి నవ్వడమా, చావుకబురు చెప్పడమా? నేను పుట్టుకతో తెలుగుదాన్నే కదా, ఈ ఊరికి కోడలిగా వచ్చిన మొదటి ఏడాదంతా తెలుగులోంచి తెలుగులోకి తర్జుమా చేసుకుంటూ గడిపాను. మా అత్తగారు ఒకటి చెబితే నేను ఇంకోటి చేసేదాన్ని.

నా దగ్గర పుస్తకం ఉంటుంది. మాట అర్థం కాకపోతే పెన్ను కింద పెట్టి, రెండు రోజులు ఆగి, ఎవరినైనా అడుగుతాను. నువ్వు నిలబడి, ఎదుటి మనిషి నోరు మూసేలోగా చెప్పాలి. ఆ పని నావల్ల కాదు. అందుకే కాస్త అసూయతో కూడా రాస్తున్నానేమో, అదీ లెక్కలో వేసుకో.

సన్మానానికి ఆ నీలం పట్టుచీర కట్టుకో.

వీణ


రాయ్‌పూర్
మార్చి 29, 2004

వీణా,

నీ ఉపదేశం అందింది. రెండు రోజులు కోపంగా ఉన్నాను. నీలం చీరే కట్టుకున్నాను. పేరు మాత్రం నువ్వు చెప్పిందే వేశారు.

తెలుగులోంచి తెలుగులోకి తర్జుమా అన్నావు కదా, సరిగ్గా మీ అత్తారింటి తెలుగే ఈ వారం నా చేతికొచ్చింది. ఎలా చేశానో విను.

ఇక్కడికి దగ్గర్లో సిల్తారా అని ఉందే, ఇనుము ఫ్యాక్టరీలుండే చోటు. అందులో ఒక ఫ్యాక్టరీలో పైడమ్మ అనే ఆవిడ వేడి బూడిద పోసే గోతిలో దిగింది. పైన చల్లారినట్టు కనిపిస్తుందట గానీ లోపల నిప్పే. కాళ్ళు మోకాళ్ళ దాకా కాలిపోయాయి. మీ జిల్లా మనిషే. రామమూర్తి అనే కంట్రాక్టరు కూలీలని అక్కణ్ణుంచి తెస్తాడు. ఆవిణ్ణి ఎవరూ దిగమనలేదని, తన అజాగ్రత్త వల్లే జరిగిందని కంపెనీ అంటోంది. అదే నిజమని తేలితే వైద్యానికీ వాళ్ళు పూచీ పడరు, పనీ పోతుంది. కార్మిక శాఖ అధికారి తివారీ గారు విచారణ పెట్టారు. ఆసుపత్రి నుంచి ఆవిణ్ణి చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు.

ఏం జరిగిందో చెప్పమన్నారు. ఆవిడ మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నా చెవి ఎంత పదునైందో నీకూ తెలియాలి. "గుంట పడిపోనాది బాబూ. ఎవులూ దిగనేదు. నాను దిగినాను."

"గొయ్యి కూలిపోయింది సార్. ఎవరూ దిగలేదు. నేను దిగాను" అని హిందీలో చెప్పాను.

"నిన్ను దిగమని ఎవరైనా చెప్పారా?" అన్నారు ఆయన.

"ఒకులు సెప్పాలేటి? గుంట పడిపోతే సూస్తా కూకుంటామా?"

అదీ పొల్లు పోకుండా చెప్పాను. ఎవరూ చెప్పలేదు, తనే దిగింది అని ఆయన రాసుకున్నారు. జాలేసింది గానీ ఏం చేస్తాం, ఉన్నది చెప్పడమే కదా నా పని. కింద నేను సంతకం పెట్టాను.

వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, "గుంట ఎలగున్నాదో ఎవులూ సెప్పనేదు తల్లీ" అంది. కాళ్ళు కాలిపోయి కూడా పని మీదే ధ్యాస, చూడు. "ఆ గొయ్యి సంగతి నీకెందుకమ్మా, నీ కాళ్ళు చూసుకో" అన్నాను. అదోలా చూసి మొహం తిప్పేసుకుంది.

విచారణలో మా పక్కనే కూర్చున్న రామమూర్తి బయటికొచ్చాక, "మీ తెలుగు ఎంత శుద్ధంగా ఉందండీ, మా వైపు మాట కూడా ఇట్టే పట్టేశారు" అని మెచ్చుకున్నాడు. ఆయనది పార్వతీపురమట. కాబట్టి దుబాసీ గారి గురించి మరీ అంత భయపడకు.

రేపు జగదల్‌పూర్ వెళ్తున్నాను, హల్బీ పని మీద. వారంలో వస్తాను.

లిడియా


విజయనగరం
ఏప్రిల్ 5, 2004

లిడియా,

మీ ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ ఎత్తింది, నువ్వు ఇంకా జగదల్‌పూర్‌లోనే ఉన్నావంది. ఈ సంగతి ఆవిడతో చెప్పి పంపాలనిపించలేదు. అందుకే స్పీడ్ పోస్టులో రాస్తున్నాను. నిలబడి ఉంటే కూర్చుని చదువు.

గుంట అంటే ఇక్కడ గొయ్యి కాదే. ఆడపిల్ల.

మా పెళ్ళైన కొత్తలో అత్తగారు పెరట్లోంచి, "ఒలే, గుంట పడిపోతాది, సూడు" అని కేకేశారు. నేను పరుగెత్తుకెళ్ళి ఎక్కడ గొయ్యి పడుతోందా అని నేల వెతుకుతున్నాను. ఈలోగా మా ఆడపడుచు కూతురు అరుగు మీంచి దబ్బున పడింది. ఇప్పటికీ ఆ కథ చెప్పుకుని నవ్వుతారు. నీ ఉత్తరం చదివి నాకు నవ్వు రాలేదు.

ఆవిడ మాట మళ్ళీ చదువుకో. పిల్ల పడిపోయింది. ఎవరూ దిగలేదు. నేను దిగాను. ఒకరు చెప్పాలా, పిల్ల పడిపోతే చూస్తూ కూర్చుంటామా? చివర ఆవిడ నిన్నడిగింది గొయ్యి ఎలా ఉందని కాదు.

నమ్మకం చాలక మా అత్తగారికి వినిపించాను. మొత్తం విని, "ఆ గుంట బతికున్నాదేటి?" అన్నారు. అదే నిన్నడుగుతున్నాను. ఆ పిల్ల ఎవరు? ఎక్కడుంది?

ఇంకో మాట. రామమూర్తిది పార్వతీపురమైతే గుంట అంటే ఏమిటో అతనికి తెలియకపోవడమన్నది ఉండదు. వింటూ ఊరుకున్నాడు. నిన్ను మెచ్చుకున్నాడు కూడా.

నిన్ను నొప్పించాలని కాదు. నీ స్థానంలో ఆ రోజు నేనుండి, ఈ ఊరికి కోడలిని కాకపోయి ఉంటే, నేనూ గొయ్యి అనే చెప్పేదాన్ని. వెంటనే వెళ్ళు.

వీణ


రాయ్‌పూర్
ఏప్రిల్ 19, 2004

వీణా,

జగదల్‌పూర్ పని వారమనుకుంటే పదిహేను రోజులు పట్టింది. నీ ఉత్తరం గుమ్మంలోనే చదివాను. సంచీ కూడా దించలేదు. అలాగే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళాను.

పైడమ్మ నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. మంచం పక్కన కూర్చుని అడిగాను.

"పైడమ్మా, గుంట అంటే ఎవరు?"

"ఎవులేటి? అసిరి. మా ఊరి గుంట."

"ఆ రోజు పడిపోయింది ఆ పిల్లా?"

"సెప్పినాను గదా. నువ్వే గొయ్యి సంగతి నీకెందుకన్నావు. గుంట సచ్చిపోనాదేమో, ఆ మాట నాతోటి సెప్పనేక అలగన్నావనుకున్నాను."

ఆ రోజు నుంచీ ఆవిడ ఆ పిల్ల చచ్చిపోయిందనే అనుకుంటోంది వీణా. నా మాట వల్ల. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. నాకు ఆ మాట తెలియదని, గొయ్యి అనుకున్నానని చెప్పాను. "తెలవకపోతే అడగొచ్చు గదమ్మా" అంది.

తరవాత నెమ్మదిగా అన్నీ చెప్పింది. అసిరమ్మకి పద్దెనిమిది నిండలేదు. అందుకని ఫ్యాక్టరీ హాజరుపట్టీలో పేరు లేదు. బూడిద మీంచి అడ్డంగా నడుస్తుంటే కుంగిపోయింది. పైడమ్మ దిగి, పిల్లని పైకి తోసి, తను అందులో ఇరుక్కుంది. పిల్లని రామమూర్తి మనుషులు ఎత్తుకుపోయారు. మిగతా కూలీలు నోరెత్తితే పని పోతుందని భయం.

మర్నాడు తివారీ గారి దగ్గరికి వెళ్ళి, నేను తప్పు చెప్పానని రాసిచ్చాను. ఆయన మంచివాడే గానీ ఇబ్బంది పడ్డాడు. కంపెనీ వకీలుని పిలిపించారు. ఆయన కార్మిక శాఖకి నేనిచ్చిన పరిచయ పత్రం తెప్పించుకుని బిగ్గరగా చదివాడు. "ఏడు భాషలొచ్చని రాసుకున్నారు. మాతృభాషే రాదా మేడమ్? లేక ఎవరైనా చెబితే ఇప్పుడు మాట మారుస్తున్నారా?"

గదిలో గుమాస్తాలందరూ ఉన్నారు. వీణా, నా జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. అయినా లేచి నిలబడ్డాను. "మా ఇంట్లో మాట్లాడే తెలుగు నాకొచ్చు. మాది నర్సాపురం. ఆవిడ ఇంటి తెలుగు రాదని నాకు తెలియదు. ఇప్పుడు ఆవిణ్ణే అడిగి తెలుసుకుని వచ్చాను" అన్నాను. ఆ పిల్ల ఉన్నట్టు రుజువు చూపిస్తే మళ్ళీ వింటానని తివారీ గారు గడువిచ్చారు.

ఇంటికొచ్చాక అమ్మ అంది, "మన కాలనీలో శ్రీకాకుళం వాళ్ళు లేరా? చిన్నప్పట్నుంచీ వాళ్ళ మధ్యే కదే పెరిగావు." పెరిగాను. కానీ ఆలోచిస్తే, వాళ్ళ పిల్లలతో నేనెప్పుడూ హిందీలోనే ఆడుకున్నాను. నువ్వూ అంతే. వాళ్ళ మాటని నవ్వడానికి తప్ప వినలేదు.

ఢిల్లీ వాళ్ళకి నా పేరు తీసేయమని రాశాను. సంఘం వాళ్ళ జ్ఞాపిక బీరువా పైకి ఎక్కించాను. ఈ పనే మానేస్తానేమో.

అసిరమ్మది చీపురుపల్లి దగ్గర ఊరు, పంపేసి ఉంటే అక్కడికే పంపి ఉండాలి. ఊరి పేరు, పిల్ల పిన్ని పేరు విడిగా చీటీ మీద రాసి పెడుతున్నాను. నీకు దగ్గరే కదా. వెళ్తావా? బతికి ఉందో లేదో ముందు అది చాలు.

లిడియా


విజయనగరం
ఏప్రిల్ 28, 2004

లిడియా,

నిన్న ఫోన్లో "బతికే ఉంది" అన్నాక అటునుంచి నీ ఏడుపు తప్ప ఏమీ వినపడలేదు. ఇటు నేను, మా అత్తగారు బూత్‌లో నిలబడి ఒకటే నవ్వు, ఒకటే ఏడుపు. బూత్ అబ్బాయి భయపడ్డాడు. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

అత్తగారిని వెంట తీసుకెళ్ళాను. పట్నం మనిషిని ఒక్కదాన్నే వెళ్తే నోరు విప్పరని ఆవిడే బయల్దేరారు. పిన్ని ముందు అలాంటి గుంట ఇక్కడ లేదంది. అత్తగారు అరుగు మీద చతికిలబడి, మంచినీళ్ళడిగి, ఆ ఊళ్ళో తన చుట్టాలెవరో కనుక్కుని, నెమ్మదిగా పైడమ్మ పేరు ఎత్తారు. అప్పుడు తలుపు వెనకనుంచి ఒక సన్నని గొంతు వచ్చింది. "పైడప్ప బతికున్నాదా?"

ఆ పిల్లకి పైడమ్మ పోయిందని చెప్పారట లిడియా. ఎవరితోనూ ఏమీ చెప్పొద్దని కంట్రాక్టరు మనిషి రైలెక్కించాడట. కుంటుతూ బయటికొచ్చింది. ఒక పాదం కాలి మాడింది గానీ మానుతోంది. సన్నగా, పెద్ద కళ్ళతో, జడకి ఎర్ర రిబ్బను. నేను నీ సంగతి చెబుతుంటే వినకుండా, "నాను పోయి సెప్తాను. నాను పడిపోనాను, పైడప్ప తీసినాది. ఆ మాట నానే సెప్తాను" అంటూనే ఉంది. పిన్ని భయపడింది. వాళ్ళతో రాయ్‌పూర్ దాకా మా ఆయన హేమంత్ వస్తానన్నాక ఒప్పుకుంది. పిల్ల వయసు కాగితం, కాలు చూసిన డాక్టరు చీటీ కూడా తెస్తున్నారు. బండి ఎప్పుడో ఫోన్ చేసి చెబుతాను, స్టేషన్‌కి రా.

ఇక నీ సంగతి. ఢిల్లీ వాళ్ళకి పేరు తీసేయమని రాశావా? బాగానే ఉంది నీ శిక్ష. ఏడు భాషలొచ్చు అనుకోవడం తప్పు కాదే. నీకు నిజంగానే వచ్చు. రెండే వచ్చిన నేను ఆ గదిలో వకీలు ముందు నిలబడి హిందీలో అంత జవాబు చెప్పి ఉండేదాన్నా? ఒక్క మాట తెలియకపోయిందని మిగతా మాటలన్నీ గంగలో కలుపుతానంటే, రేపు జగదల్‌పూర్ నుంచి వచ్చిన ముసలమ్మ కోసం ఎవరు మాట్లాడతారు? బహుభాషావేత్త అంటే అన్నీ తెలిసినవాళ్ళని మనం అనుకున్నాం. నాకిప్పుడలా అనిపించడం లేదు. ఎన్నో ఇళ్ళ గుమ్మాల దాకా వెళ్ళగలిగినవాళ్ళు. లోపలికి రావచ్చా అని ప్రతి గుమ్మం దగ్గరా అడగాలి, అంతే.

పెద్ద మాటలు రాసేశాను. తిట్టుకో. ముందు వేళకి తిను.

వీణ


రాయ్‌పూర్
మే 24, 2004

వీణా,

ఫలితం ముందే చెప్పేస్తాను, నువ్వు ఆగలేవు. పైడమ్మ తప్పేమీ లేదని తివారీ గారు రాశారు. ఆవిడ వైద్యమంతా కంపెనీదే. కాళ్ళు నయమయ్యాక వేరే పని ఇవ్వాలి. రామమూర్తి మీద విడిగా కేసు. ఆ రోజు అతను నా వైపు చూడలేదు, నేను మాత్రం అతన్ని బాగానే చూశాను.

విచారణలో అసిరమ్మ చెబుతుంటే నేనే తర్జుమా చేశాను. చేయనని మొదట తప్పుకున్నాను. "ఇంకెవరున్నారు? మీరే చేయండి" అన్నారు తివారీ గారు. అయితే అర్థం కాని మాట వస్తే ఆపి అడుగుతాను, దానికి ఒప్పుకుంటేనే చేస్తానన్నాను. ఒప్పుకున్నారు. నాలుగైదు చోట్ల ఆపాను. వకీలు విసుక్కున్నాడు. ఆ పిల్ల మాత్రం ఒక్కో మాటా చేతులతో చూపించి, ఓపిగ్గా, నేనే చిన్నపిల్లనన్నట్టు చెప్పింది. అంతా అయ్యాక తివారీ గారు, వచ్చే వారం ఒడియా సాక్షి ఉంది, వస్తారా అన్నారు. "ఏ జిల్లా వాళ్ళు సార్?" అని అడిగాను. ఆయన నవ్వి, కనుక్కుని చెబుతానన్నారు.

ఢిల్లీ వాళ్ళకి మళ్ళీ రాశాను. ఏ భాషలో ఏం చేయగలనో, ఏం చేయలేనో విడివిడిగా. ఇంత పొడుగు పరిచయం ఎవరూ చదవరని ఆ మేనేజరు బాధపడ్డాడు గానీ, చేర్చుకున్నాడు. పాలీగ్లాట్ అనే మాట తీయనన్నాడు. ఉంచుకోమన్నాను. దానికిప్పుడు నేనేం భయపడటం లేదు.

ఇక నీకు చెప్పాలని దాచుకున్నది. వాళ్ళని హేమంత్ తీసుకొచ్చి దించిన రోజు, స్టేషన్ నుంచి నేరుగా ఆసుపత్రికే వెళ్ళాం. పైడమ్మకి ముందే చెప్పాను, గుంట బతికే ఉంది, వస్తోందని. నమ్మినట్టు కనిపించలేదు. నా మాట నమ్మకపోవడం ఆవిడ తప్పు కాదు. వార్డు గుమ్మంలో అసిరమ్మ కనిపించేసరికి దిండు మీంచి లేచి కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను.

"ఒలే, బూడిద మీంచి అడ్డంగా ఎల్లొద్దని సెప్పినానా, నేదా?"

"సెప్పినావు."

"మరెందుకెల్లినావు?"

పిల్ల తల వంచుకుని నిలబడింది. "ఇలగరా" అంది పైడమ్మ. మంచం మీద కూర్చోబెట్టుకుని, ఆ కాలిన పాదం ఒళ్ళోకి లాక్కుని, అటూ ఇటూ తిప్పి చూసింది. పక్క మంచాల వాళ్ళంతా చూస్తున్నారు. తిడుతూనే ఉంది, పాదం మాత్రం వదల్లేదు. తరవాత ఇద్దరూ కలిసి ఎంత వేగంగా మాట్లాడుకున్నారంటే, నాకు సగం కూడా అందలేదు. మొదటిసారి, ఒక మాట అందకపోయినా నాకేం కంగారు కలగలేదు.

ఎన్నాళ్ళకో నాకు ఆకలేసింది వీణా. కింద క్యాంటీన్‌కి వెళ్ళి అందరికీ టీ, సమోసాలు తెచ్చాను. నడవాలోనే, పైకి చేరకుండానే, నేనొక్కదాన్నే రెండు తినేశాను.

నీ
లిడియా